పాత మోటర్‌హోమ్ ఫర్నేస్: వెలగకపోతే ఎక్కడ వెతకాలి, వెలిగితే ఎలా వాడాలి

పాత మోటర్‌హోమ్‌లో, అంటే ఇల్లులా అమర్చిన బండిలో, లోపల వెచ్చబరిచే ఫర్నేస్ వెలగకపోతే చాలామంది ముందు కంట్రోల్ బోర్డును అనుమానిస్తారు. కొత్త బోర్డు తెప్పించి పెడతారు. అయినా వెలగదు. తర్వాత గ్యాస్ వాల్వ్ మారుస్తారు. డబ్బు పోయాక తెలిసేదేమిటంటే, ఎక్కడో ఒక గ్రౌండ్ వైరు వదులైందని, లేదా పొగ గొట్టంలో కందిరీగ గూడు కట్టిందని.

ఈ ఫర్నేస్ వెలిగే ముందు కొన్ని విషయాలు వరసగా సరిచూసుకుంటుంది. ఫ్యాన్ తగినంత వేగంగా తిరుగుతోందా? లోపల వేడి హద్దులోనే ఉందా? గ్యాస్ వదిలాక మంట నిజంగా అంటుకుందా? వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా ఆగిపోతుంది. ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకుంటే వెతకాల్సిన చోటు చాలా చిన్నదైపోతుంది. ఈ వ్యాసం మొత్తం ఆ మెట్ల వరసలోనే నడుస్తుంది.

ఇక్కడ చెప్పేది ప్రొపేన్‌తో మండి, 12 వోల్టుల ఫ్యాన్‌తో వేడిగాలి ఊదే ఫర్నేసుల గురించి. అమెరికాలో తయారైన పాత మోటర్‌హోమ్‌లలో ఎక్కువగా సబర్బన్, ఆట్‌వుడ్ కంపెనీలవి కనిపిస్తాయి. ఆట్‌వుడ్ వాటి మీద హైడ్రో ఫ్లేమ్ అనే పేరు కూడా ఉండొచ్చు. ఆట్‌వుడ్‌ను 2014లో డొమెటిక్ కొనుక్కుంది కాబట్టి పార్టులు వెతికేటప్పుడు ఆ పేరుతో కూడా చూడండి. డీజిల్ హీటర్లు పనిచేసే తీరే వేరు, వాటికి ఇది వర్తించదు.

చెయ్యి పెట్టే ముందు

మొదటి పని స్క్రూడ్రైవర్ తియ్యడం కాదు, డేటా ప్లేటు ఫోటో తీసుకోవడం. ఫర్నేస్ ఒంటి మీదో, బయటి తలుపు లోపలి వైపో అతికించి ఉంటుంది. మోడల్ నంబరు, సీరియల్ నంబరు, ఎన్ని బీటీయూలు (ఎంత వేడి ఇస్తుందో చెప్పే కొలత), ఎంత గ్యాస్ ప్రెషర్ కావాలి అన్నవి దాని మీద ఉంటాయి. ఆ మోడల్ నంబరుతో మాన్యువల్ సంపాదించండి. అందులోని వైరింగ్ బొమ్మ లేకుండా మీటరు పట్టుకుని కూర్చోవడం దండగ.

సామాను పెద్దగా అక్కర్లేదు. మల్టీమీటర్, టార్చి, మెత్తని బ్రష్, వాక్యూమ్ క్లీనర్, గ్యాస్ కీళ్ళకు రెండు స్పానర్లు, లీకు చూసే సబ్బు ద్రావణం. వీటితో పాటు అంకెలు చూపించే కార్బన్ మోనాక్సైడ్ మీటరు ఒకటి. చాలామంది ఈ చివరిది అనవసరపు ఖర్చు అనుకుంటారు. నన్నడిగితే మల్టీమీటర్ కన్నా ముందు కొనాల్సింది అదే. ఎందుకో తర్వాత చెబుతాను.

ఫర్నేస్ మూత విప్పే ముందు సిలిండర్ వాల్వ్ మూసెయ్యండి, బయటి కరెంటు ప్లగ్ తియ్యండి, బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పండి. ఇప్పుడే ఆపిన ఫర్నేస్ అయితే పూర్తిగా చల్లారనివ్వండి. వోల్టేజి కొలవాల్సి వచ్చినప్పుడు కరెంటు మళ్ళీ కలుపుకోవచ్చు.

గ్యాస్ వాసన వస్తుంటే మాత్రం రిపేరు సంగతి పక్కన పెట్టండి. ప్రొపేన్‌కి సొంతంగా వాసన లేదు, లీకు తెలియడానికే దానిలో ఘాటైన మెర్కాప్టాన్ కలుపుతారు. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి లీకైన గ్యాస్ నేల దగ్గర, అలమరాల అడుగున చేరుతుంది. గాలిలో రెండు శాతం కాస్త దాటినా చాలు, ఒక్క నిప్పురవ్వతో అంటుకుంటుంది. అందుకే ఏ స్విచ్చూ వెయ్యకండి, వేసి ఉన్నది ఆపకండి కూడా. స్విచ్ ఆపేటప్పుడు కూడా చిన్న రవ్వ పుడుతుంది. అందరూ బయటికి రండి, తలుపు తెరిచి వదిలెయ్యండి, సిలిండర్ బయటి నుంచి మూయండి.

లోపల పని ఏ వరసలో జరుగుతుంది

గది వేడిని చూసి పనిచేసే స్విచ్, అదే థర్మోస్టాట్, వేడి కావాలని అడుగుతుంది. అంటే రెండు వైర్లను కలుపుతుంది, అంతే. ఆ కరెంటు పాత మోడళ్ళలో టైమ్ డిలే రిలే అనే చిన్న డబ్బాకు వెళ్తుంది. దాని లోపల ఒక చిన్న హీటరు, వేడికి వంగే లోహపు పట్టీ ఉంటాయి. పట్టీ వేడెక్కి వంగాకే ఫ్యాన్‌కి కరెంటు అందుతుంది. అందుకే పాతవాటిలో థర్మోస్టాట్ పెంచగానే ఏమీ జరగదు, ఇరవై ముప్పై సెకన్లు ఆగాలి. ఈ ఆలస్యాన్నే జబ్బు అనుకునేవాళ్ళున్నారు. తర్వాతి మోడళ్ళలో ఈ పని బోర్డే చూసుకుంటుంది.

ఒకే మోటారు, దానికి రెండు చక్రాలు. ఒకటి గదిలోని గాలిని లాగి, వేడెక్కిన ఇనుప డబ్బా చుట్టూ తిప్పి, వేడిగాలిని మోసుకెళ్ళే గొట్టాల్లోకి, అంటే డక్టుల్లోకి, ఊదుతుంది. రెండోది బయటి గాలిని లాగి మంటకు అందించి, పొగను గోడలోని గొట్టం గుండా బయటికి నెడుతుంది. ఈ రెండు గాలులూ ఎక్కడా కలవకూడదు. వాటిని వేరుచేసేది ఆ ఇనుప డబ్బా ఒక్కటే. దాని పేరే హీట్ ఎక్స్‌ఛేంజర్.

ఫ్యాన్ పూర్తి వేగంలో మూడు వంతులైనా అందుకుంటే, ఆ గాలి తోపుకి ఒక పల్చటి రేకు కదిలి దాని కింది చిన్న స్విచ్‌ను నొక్కుతుంది. ఇది సెయిల్ స్విచ్. దాని వరసలోనే లిమిట్ స్విచ్ ఉంటుంది, లోపల మరీ వేడెక్కితే అది తెరుచుకుని కరెంటు ఆపేస్తుంది. రెండూ మూసుకుని ఉంటేనే బోర్డుకి కరెంటు అందుతుంది.

బోర్డు వెంటనే గ్యాస్ వదలదు. మంట మండే ఛాంబర్‌లో పాత గ్యాస్ ఏమైనా మిగిలి ఉంటే బయటికి పోవాలని సుమారు 15 సెకన్లు ఆగుతుంది. ఆ తర్వాత గ్యాస్ వాల్వ్ టక్ మని తెరుచుకోవడం, స్పార్క్ టిక్ టిక్ మనడం ఒకేసారి మొదలవుతాయి. దాదాపు 7 సెకన్ల లోపల మంట తగిలినట్టు తెలియకపోతే గ్యాస్ కట్. కొన్ని బోర్డులు ఇంకో రెండుసార్లు ప్రయత్నిస్తాయి, కొన్ని ఒక్కసారికే మొరాయిస్తాయి. గది వేడెక్కి థర్మోస్టాట్ ఆపేశాక మంట పోయినా ఫ్యాన్ ఇంకో ఒకటి రెండు నిమిషాలు తిరుగుతుంది, డబ్బాలో మిగిలిన వేడిని లాగెయ్యడానికి. అదీ జబ్బు కాదు.

ఇప్పుడు థర్మోస్టాట్ పెంచి, ఫర్నేస్ పక్కన కూర్చుని వినండి.

అసలు ఫ్యానే తిరగకపోతే

ఒక నిమిషం ఆగండి. అప్పటికీ చప్పుడు లేకపోతే ఫ్యూజ్ చూడండి. తర్వాత ఫర్నేస్ మీదే ఉండే చిన్న స్విచ్ లేదా బ్రేకర్ బటన్ చూడండి. బయటి తలుపు తీస్తే కనిపించే ఈ బటన్‌ను పాత ఓనరు ఎప్పుడో ఆపేసి మరిచిపోయి ఉండొచ్చు.

తర్వాత థర్మోస్టాట్. మూత తీసి దాని రెండు వైర్లను ఒకదానికొకటి తాకించి పట్టుకోండి. ఇవి 12 వోల్టుల వైర్లే, అయినా వేరే లోహానికి తగలనివ్వకండి. ఫ్యాన్ మొదలైతే తప్పు థర్మోస్టాట్‌ది. పాత థర్మోస్టాట్‌ల కాంటాక్టులు నల్లబడతాయి, స్పిరిట్‌తో తుడిస్తే కొన్నాళ్ళు నడుస్తాయి. కానీ కొత్తది చవకైన వస్తువే, మార్చెయ్యడం మేలు.

వైర్లు కలిపినా తిరగలేదంటే రిలే, మోటారు మిగిలాయి. మోటారు దగ్గరికి 12 వోల్టులు వస్తున్నా తిరగకపోతే, కరెంటు తీసేసి చక్రాన్ని వేలితో తిప్పి చూడండి. బిగుసుకుపోయి ఉంటే బేరింగులు ఎండిపోయాయి, లేదా ఎలుక దాచుకున్న చెత్త చక్రంలో ఇరుక్కుంది. మోటారు దాకా కరెంటే రాకపోతే రిలే మార్చాలి.

ఫ్యాన్ తిరుగుతుంది, చల్లగాలే వస్తుంది

పాత ఫర్నేసుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే ఇబ్బంది ఇదే, తొందరపడి ఎక్కువ డబ్బు తగలేసేదీ ఇక్కడే. టిక్ టిక్ చప్పుడు కూడా లేదంటే కరెంటు ఇంకా బోర్డు దాకా చేరలేదన్నమాట. సెయిల్ స్విచ్ మూసుకోలేదు, లేదా లిమిట్ స్విచ్ తెరుచుకుని ఉంది.

ముందు వోల్టేజి చూడండి. బ్యాటరీ దగ్గర కాదు, ఫర్నేస్ వైర్ల దగ్గర, ఫ్యాన్ తిరుగుతూ ఉండగా. ఈ తేడా చాలా ముఖ్యం. ఈ సైజు పాత ఫ్యాన్లు ఏడెనిమిది ఆంపియర్లు, ఇంకా ఎక్కువ కూడా లాగుతాయి. చాసిస్‌కి బిగించిన గ్రౌండ్ వైరు తుప్పు పట్టి 0.2 ఓములు అడ్డం పడిందనుకోండి. 8 ఆంపియర్లు పారేటప్పుడు అక్కడే 1.6 వోల్టులు పోతాయి. బ్యాటరీ దగ్గర 12.2 ఉన్నా ఫర్నేస్‌కి అందేది 10.6. ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, చెవికి మామూలుగానే వినిపిస్తుంది, కానీ రేకును నెట్టేంత గాలి ఉండదు. 10.5 కన్నా తగ్గితే చాలా ఫర్నేసులు వెలగవు. ఫ్యాన్ నడుస్తుండగా 11.5 పైన ఉంటే నిశ్చింత. తక్కువుంటే కనెక్టర్లు, గ్రౌండ్ బోల్టు విప్పి, మెరిసేదాకా గీకి బిగించండి. బోర్డు మార్చే ముందు ఈ ఒక్క పని చేస్తే చాలు, చాలామంది డబ్బు మిగులుతుంది.

బయటి కరెంటు మీద ఉన్నప్పుడు కూడా ఇదే కొలవండి. బయటి కరెంటును 12 వోల్టులకు మార్చే పాత కన్వర్టర్లు బలహీనపడి ఫ్యాన్ భారం మోయలేకపోవచ్చు.

వోల్టేజి బాగుంటే సెయిల్ స్విచ్. కరెంటు తీసి, దాన్ని బయటికి లాగి చూడండి. దుమ్ము, పెంపుడు జంతువుల వెంట్రుకలు, చచ్చిన పురుగు, ఇవే ఎక్కువగా దొరుకుతాయి. రేకు తేలిగ్గా కదలాలి, నొక్కినప్పుడు స్విచ్ టక్ మనాలి. మల్టీమీటర్‌తో చూస్తే వదిలినప్పుడు తెరుచుకుని, నొక్కినప్పుడు సున్నా ఓముల దగ్గరికి రావాలి. తుడిచినా మొండికేస్తే కొత్తది వెయ్యండి.

సెయిల్ స్విచ్ వైర్లు రెండూ కలిపేసి ఫర్నేస్ నడిపే చిట్కా ఎవరో ఒకరు మీకు చెబుతారు. నమ్మకండి. ఆ స్విచ్ ఉన్నదే ఫ్యాన్ తిరగనప్పుడు మంట మండకుండా ఆపడానికి. దాన్ని దాటేస్తే ఒకరోజు ఫ్యాన్ ఆగిపోయినా గ్యాస్ మండుతూనే ఉంటుంది, డబ్బా ఎర్రగా కాలి పగులుతుంది. లిమిట్ స్విచ్ సంగతీ అంతే. మీటరుతో పరీక్షించడానికి తాకండి, దాటి వెళ్ళడానికి మాత్రం వద్దు.

లిమిట్ స్విచ్ చల్లగా ఉన్నప్పుడు సున్నా ఓములు చూపించాలి. చూపించకపోతే పాడైంది. ఇంకో రకం ఉంది: మొదట బాగా వెలిగి, పది నిమిషాలకి మంట ఆగి, ఫ్యాన్ ఒక్కటే తిరిగి, కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది. ఇక్కడ స్విచ్ తన పని తాను చేస్తోంది, లోపల నిజంగానే వేడి ఎక్కువవుతోంది. వేడిగాలికి దారి లేదు. డక్ట్ గొట్టం ఏ పెట్టె కిందో నలిగి ఉంటుంది, లేదా పడుకునే గది వైపు గాలి ఎక్కువ రావాలని మిగతా వేడిగాలి రంధ్రాలన్నీ మూసేసి ఉంటారు. ప్రతి ఫర్నేస్‌కీ కనీసం ఇన్ని డక్టులు తెరిచి ఉండాలని మాన్యువల్‌లో లెక్క ఉంటుంది. గాలి లోపలికి వచ్చే జాలీకి అడ్డంగా బూట్లో, దుప్పట్లో పెట్టినా ఇదే జరుగుతుంది. ఫర్నేస్ ఉన్న అరలో ఖాళీ కనిపిస్తే సామాన్లు కుక్కడం చాలా మోటర్‌హోమ్‌లలో చూస్తాం. ఆ ఖాళీ గాలి కోసం వదిలింది.

టిక్ టిక్ వినిపిస్తుంది, మంట రాదు

ఇక్కడిదాకా వచ్చిందంటే స్విచ్‌లు బాగున్నాయి. గ్యాస్ అందుతోందా అన్నదే ప్రశ్న.

పొయ్యి మీద ఒక బర్నర్ వెలిగించండి. నీలం మంట నిలకడగా ఉండాలి. ఆ మంట చూస్తుండగా ఫర్నేస్ మొదలుపెట్టండి. ఫర్నేస్ వాల్వ్ తెరుచుకోగానే పొయ్యి మంట కుంగిపోతే రెగ్యులేటర్ సరిపడా గ్యాస్ ఇవ్వట్లేదు. సిలిండర్ మార్చాక గొట్టాల్లో చేరిన గాలిని బయటికి పంపడానికి కూడా పొయ్యి వెలిగించడమే సులువు దారి.

సిలిండర్ వాల్వ్‌ను ఒక్కసారిగా తిప్పేస్తే దాని కనెక్టర్‌లోని ఫ్లో లిమిటర్ లీకు ఉందనుకుని గ్యాస్‌ని కొద్దికొద్దిగానే వదులుతుంది. పొయ్యి చిన్నగా మండుతుంది, ఫర్నేస్ అస్సలు వెలగదు. అన్నీ ఆపి, వాల్వ్ మూసి, కొద్ది నిమిషాలాగి, మెల్లగా తెరవండి.

ఈ ఫర్నేసులకు కావాల్సిన ప్రెషర్ నీటి మట్టంలో చెబితే 11 అంగుళాలు. దాన్ని మానోమీటర్‌తో కొలవాలి. కొలిచే సాధనం లేకుండా రెగ్యులేటర్ స్క్రూ తిప్పకండి, అది గ్యాస్ మెకానిక్ పని. రెగ్యులేటర్ పదేళ్ళు దాటి ఉంటే ఎలాగూ మార్పించండి. దాని గాలి రంధ్రం కిందికి చూస్తూ ఉండాలి, లేకపోతే నీళ్ళు చేరి చలిలో గడ్డకడతాయి.

బాగా చలిగా ఉన్న చోట ఇంకో విషయం. ప్రొపేన్ సున్నాకి 42 డిగ్రీల కింద కూడా ఆవిరవుతుంది. బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. బ్యూటేన్ ఎక్కువ కలిపిన గ్యాస్ నింపించుకుంటే సిలిండర్ బరువుగానే ఉంటుంది, పొయ్యి మాత్రం వెలగదు.

గ్యాస్ బాగానే వస్తుంటే, ఆ 7 సెకన్లలో గ్యాస్ వాల్వ్ తీగల దగ్గర 12 వోల్టులు వస్తున్నాయేమో చూడండి. వస్తూ కూడా వాల్వ్ టక్ మనకపోతే వాల్వ్ పోయింది. రాకపోతే బోర్డును అనుమానించాల్సిన సమయం ఇప్పుడొచ్చింది. అప్పుడు కూడా ముందు బోర్డు అంచున ఉన్న రాగి గీతలను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, కనెక్టర్‌ను గట్టిగా గుచ్చి చూడండి. పాత బోర్డులు ఇంతమాత్రానికే లేచి కూర్చున్న సందర్భాలు తక్కువేం కాదు. గ్యాస్ వాల్వ్‌ను మాత్రం విప్పి బాగుచేసే ప్రయత్నం వద్దు, పాతది ఇంకెక్కడి నుంచో తెచ్చి వెయ్యడమూ వద్దు.

పొగ గొట్టం, గాలి గొట్టం రెండింటిలోనూ టార్చి వేసి చూడండి. మట్టిగూళ్ళు కట్టే కందిరీగలకీ సాలీళ్ళకీ ఈ గొట్టాలంటే మహా ఇష్టం. గూడు ఉంటే బ్రష్‌తో కదిపి వాక్యూమ్‌తో లాగండి. బర్నర్ రంధ్రంలో సాలెగూడు ఉంటే పిన్నుతో గుచ్చకండి. ఆ రంధ్రం కొలత కాస్త పెరిగినా మంట లెక్క తప్పుతుంది. బయటి నోటికి అమ్మే సన్నటి జాలీలు పెట్టే ముందు మాన్యువల్ చూడండి, చాలా ఫర్నేసుల తయారీదార్లు వాటిని వద్దంటారు. మసి, దుమ్ము పట్టి అవే అడ్డంకి అవుతాయి.

మంట వస్తుంది, వెంటనే పోతుంది

మంట తగిలిందని బోర్డుకి చెప్పేది బర్నర్ దగ్గరి లోహపు కడ్డీ, అంటే ఎలక్ట్రోడే. మంటలోంచి పారే అతి చిన్న కరెంటును, మైక్రో ఆంపియర్లలో ఉండేదాన్ని, అది అందిస్తుంది. కొన సరిగ్గా మంటలో లేకపోయినా, దాని మీద పొర పట్టినా, బర్నర్‌కి గ్రౌండ్ సరిగ్గా లేకపోయినా ఆ కరెంటు అందదు. కొనను సన్నటి స్టీల్ ఊల్‌తో తుడవండి. స్పార్క్ దూకే సందు చాలావాటిలో 3 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది, మీ మోడల్ కొలత మాన్యువల్‌లో చూసుకోండి. తెల్లటి పింగాణీలో పగులు ఉంటే మార్చాల్సిందే. ఎలక్ట్రోడ్ బయటికి తీసిన ప్రతిసారీ కొత్త గాస్కెట్ వెయ్యండి. 1980కి ముందువైతే గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గీకి దుమ్ము లేపకండి.

రెండు మూడు ప్రయత్నాలకి వెలగకపోతే థర్మోస్టాట్ ఆపి ఐదు నిమిషాలు ఆగండి. మళ్ళీ మళ్ళీ రీసెట్ చేస్తుంటే మండని గ్యాస్ ఛాంబర్‌లో పేరుకుని, వెలిగినప్పుడు ఢాం అంటుంది. అలా పేలినట్టు వెలగడం ఒక్కసారి జరిగినా వాడకం ఆపి చూపించండి. ఆ దెబ్బకే పాత డబ్బాల కుట్లు విచ్చుకుంటాయి.

మరీ పాతవాటిలో ఎప్పుడూ వెలుగుతూ ఉండే పైలట్ మంట ఉంటుంది. నాబ్ నొక్కి పట్టి వెలిగించి, మంట ఉందని వేడిని బట్టి పసిగట్టే థర్మోకపుల్ వేడెక్కేదాకా ముప్పై సెకన్ల నుంచి ఒక నిమిషం పట్టుకోవాలి. వదలగానే ఆరిపోతే ఎక్కువగా థర్మోకపులే కారణం. పెట్రోలు బంకులోకి వెళ్ళే ముందు ఈ పైలట్ ఆర్పి తీరాలి.

హీట్ ఎక్స్‌ఛేంజర్

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఫర్నేస్ వెలగకపోవడం గురించి. అసలు భయపడాల్సింది చక్కగా వెలుగుతూ, వెచ్చగా గాలి ఊదుతూ, లోపల డబ్బా పగిలిన ఫర్నేస్ గురించి.

ఏళ్ళ తరబడి వేడెక్కుతూ చల్లారుతూ ఉన్న ఇనుము కుట్ల దగ్గర, వంపుల దగ్గర బీటలు వారుతుంది. ఎక్కువకాలం వాడకుండా తడిలో ఉన్నది తుప్పుతో చిల్లులు పడుతుంది. ఆ చిల్లుల్లోంచి పొగ గది గాలిలో కలిస్తే కార్బన్ మోనాక్సైడ్ మీరు పీల్చే గాలిలోకి వచ్చినట్టే. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కన్నా రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, తిప్పడం, వికారం మొదటి గుర్తులు. నిద్రలో ఉన్నవాళ్ళకి ఆ గుర్తులు కూడా తెలియవు.

ఇళ్ళలోని ఫర్నేసులకు ఒక పాత పరీక్ష చెబుతారు: ఫ్యాన్ మొదలైనప్పుడు మంట ఊగితే డబ్బా పగిలినట్టు. మోటర్‌హోమ్ ఫర్నేస్‌లో ఇది పనికిరాదు. ఇక్కడ ఫ్యాన్ మంట కన్నా ముందే తిరుగుతోంది, పోల్చి చూడ్డానికి ఏమీ ఉండదు.

కాబట్టి ఇలా చేయండి. బండిని ఆరుబయట, ఇంజన్, జెనరేటర్, పొయ్యి అన్నీ ఆపి ఉంచండి. లోపల మీటరు సున్నా చూపిస్తోందని నిర్ధారించుకోండి. తలుపులు, కిటికీలు మూసి, ఫర్నేస్ పెట్టి, మీటరును వేడిగాలి వచ్చే రంధ్రం దగ్గర ఉంచి అరగంట నడపండి. అంకె మెల్లగా పెరుగుతున్నా సరే, వెంటనే ఆపి బయటికి వచ్చెయ్యండి, మళ్ళీ వెలిగించకండి. సున్నా వచ్చినంత మాత్రాన డబ్బా బాగున్నట్టు కాదు. పాత బండి కొన్నాక ఒకసారైనా మెకానిక్ చేత ఫర్నేస్ బయటికి తీయించి, డబ్బాను కళ్ళతో చూడాలి, గాలి నింపి సబ్బు నురుగుతో పరీక్షించాలి. అప్పుడే పొగ గొట్టం బయటి మూతలోకి సరిగ్గా దూరి ఉందో లేదో కూడా చూడమనండి. అది పొట్టిగా ఉంటే పొగ గోడలోకే పోతుంది.

కంటికి కనిపించే గుర్తులు కూడా ఉన్నాయి. బయటి పొగ నోటి చుట్టూ నల్లటి మసి, సోమరిగా ఊగే పసుపు మంట, లోపల కళ్ళు మండే వాసన. సీజన్‌లో మొదటిసారి వెలిగించినప్పుడు దుమ్ము కాలిన వాసన పది పదిహేను నిమిషాలు రావడం మామూలే. ఆ తర్వాత కూడా ఉంటే మామూలు కాదు.

పగిలిన డబ్బాకి వెల్డింగ్ పెట్టకూడదు, వేడి తట్టుకునే పేస్టులు పూయకూడదు. డబ్బా మార్చాలి, లేదా ఫర్నేస్ మార్చాలి.

అలారం ఉంది కదా అనుకోవద్దు

అమెరికా ప్రమాణం ప్రకారం తయారైన కార్బన్ మోనాక్సైడ్ అలారం గాలిలో 400 పీపీఎం (పది లక్షల వంతుల్లో 400 వంతులు) ఉంటే 4 నుంచి 15 నిమిషాల్లో మోగాలి. 70 పీపీఎం అయితే గంట నుంచి నాలుగు గంటల వరకు టైమ్ తీసుకోవచ్చు. అంతకన్నా తక్కువ మోతాదు రోజూ పీలుస్తున్నా అది మౌనంగా ఉండొచ్చు. అంకెలు చూపే మీటరు కావాలన్నది ఇందుకే.

అలారం వెనక తయారీ తేదీ చూడండి. మామూలుగా ఐదు నుంచి పదేళ్ళలో దాని ఆయుష్షు తీరుతుంది. టెస్ట్ బటన్ నొక్కితే మోగుతుంది కానీ, ఆ బటన్ పరీక్షించేది లోపలి సర్క్యూట్‌ని, హారన్‌ని. సెన్సర్ బతికుందో లేదో దానితో తెలియదు. మోటర్‌హోమ్‌లకని ప్రత్యేకంగా ఆమోదం పొందిన రకమే కొనండి. ప్రొపేన్ అలారం వేరే, అది నేలకు దగ్గరగా ఉండాలి.

అలారం మోగితే కారణం వెతకడం తర్వాత. అందరూ బయటికి, తలుపు తెరిచి, అత్యవసర సేవలకు ఫోన్. ఎవరికైనా తలనొప్పిగా ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

రాత్రంతా వాడాలంటే

లెక్క వేసుకుంటే టెన్షన్ తగ్గుతుంది. 8 ఆంపియర్ల ఫ్యాన్ పది గంటల రాత్రిలో సగం సేపు తిరిగినా 40 ఆంపియర్ అవర్లు పోతాయి. 100 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో సురక్షితంగా వాడుకోగలిగింది సగమే. దానిలోంచే లైట్లు, అలారాలు, ఫ్రిజ్ బోర్డు కూడా తాగుతాయి. బ్యాటరీ పాతదైతే తెల్లవారుజామున, సరిగ్గా చలి ముదిరిన వేళకి, వోల్టేజి పడిపోయి ఫర్నేస్ ఆగుతుంది. రాత్రి పది గంటలకి బాగా పనిచేసి పొద్దున్నే నాలుగింటికి మొరాయించే ఫర్నేస్‌కి జబ్బు బ్యాటరీలో ఉంటుంది.

గ్యాస్ లెక్క కూడా అలాగే. 30,000 బీటీయూల ఫర్నేస్ ఆగకుండా మండితే గంటకి సుమారు 0.6 కిలోల ప్రొపేన్. సగం సేపు మండే పది గంటల రాత్రికి మూడు కిలోలు. 9 కిలోల సిలిండర్ మూడు రాత్రులు వస్తుంది.

పడుకునే ముందు బయటికి వెళ్ళి పొగ నోరు చూసి రండి. మంచు పేరుకుందా, గుడారం గుడ్డ దాని మీద వాలిందా, పక్క బండి కిటికీ దానికి ఎదురుగా ఉందా? ఆ నోరు చేతులు కాలేంత వేడిగా ఉంటుంది, పిల్లలు ఆడేచోటైతే ముందే చెప్పండి. లోపల వేడిగాలి రంధ్రాల ముందు బట్టలు ఆరేయకండి, స్ప్రే డబ్బాలు పెట్టకండి.

ఫర్నేస్ ఆగిపోయిన రాత్రి పొయ్యి వెలిగించి వెచ్చబడదామనే ఆలోచన అందరికీ వస్తుంది. పొయ్యి పొగకి బయటికి పోయే గొట్టం లేదు, దాని వాయువులన్నీ గదిలోనే ఉంటాయి. దుప్పట్లు కప్పుకుని తెల్లవార్చడమే నయం.

గ్యాస్ కీలు ఏది విప్పినా, బిగించాక సబ్బు ద్రావణం రాసి బుడగలు చూడాలి. అమ్మోనియా ఉన్న ద్రావణం వాడకండి, ఇత్తడిని తింటుంది. రాగి గొట్టాల ఫ్లేర్ కీళ్ళకి టేపు చుట్టకండి. అవి లోహానికి లోహం తగిలి మూసుకునేవి, టేపు వేస్తే సరిగ్గా కూర్చోవు. ఒక స్పానర్‌తో పట్టి, రెండోదానితో తిప్పండి, లేకపోతే గొట్టమే మెలిపడుతుంది.

ఎప్పుడు మార్చెయ్యాలి

డబ్బా పగిలినా, మసి మళ్ళీ మళ్ళీ పడుతున్నా, ఆ మోడల్‌కి గ్యాస్ వాల్వ్ దొరక్కపోయినా ఇక దాని మీద ఖర్చు పెట్టకండి. కేవలం పాతదైందని మార్చక్కర్లేదు. కొత్తది కొనేటప్పుడు బీటీయూ ఒక్కటే చూస్తే చాలదు, గోడలోని కోత కొలత, డక్టుల సంఖ్య, తలుపు ఉన్న వైపు కూడా సరిపోవాలి. గ్యాస్ లైను బిగింపు, ప్రెషర్ పరీక్ష లైసెన్సున్న మనిషికే వదలండి. బిగించాక ఆ అరగంట మీటరు పరీక్ష కొత్తదానికీ చేయండి.

తీసేసిన పాతదాన్ని పార్టుల కోసమని మొత్తంగా ఎవరికీ ఇవ్వకండి. మంచి మోటారు, రిలే, సెయిల్ స్విచ్ విప్పి దాచుకుని, పగిలిన డబ్బాకి సుత్తితో ఒక పెద్ద చిల్లు పెట్టి తుక్కులో వెయ్యండి. అలా చేస్తే దాన్ని ఇంకెవరూ తమ బండికి బిగించుకోరు.